మూడు గాట్ల ఇరుసు

ముసలాయన పట్టాల మీదికి దించుతున్న రెండో ఇరుసు మీద మూడు గాట్లున్నాయి, మధ్యది వంకర, తొమ్మిదేళ్ల కిందట తన మొగుడితో పాటు మాయమైపోయిన ఇరుసు అదేనని థావీకి తెలిసేసరికి ఆయన దాని మీద వెదురు బల్ల మోపేసి, మెత్త పరిచి, ఎక్కమ్మా అంటున్నాడు. ఎక్కింది. ఎక్కకూడదనీ, అరవాలనీ, టికెట్లిచ్చే పోలీసు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాలనీ ఒంట్లో ఏదో కొట్టుకుంటూనే ఉంది, కానీ చూపించడానికి ఏముంది ఇప్పుడు, ఇరుసు బల్ల కిందికి వెళ్లిపోయింది, పైన ఎర్ర పూల మెత్త ఒక్కటే కనిపిస్తోంది. టూరిస్టులకు వేసే మెత్త. ఈ వెదురు బండి మీద ఆమె మెత్త మీద కూచోవడం ఇదే మొదటిసారి. ఆ రోజుల్లో బియ్యం బస్తాల మీద కూచునేది, కోళ్ల గంపల మధ్య, ఒకసారైతే కాళ్లు కట్టేసిన పంది పక్కన, అది దారి పొడుగునా ఆమె మోకాలికి మూతి ఆనించి ఏడ్చింది, వెనక ఇంజను దగ్గర మొగుడు చమ్రాన్ నవ్వుతూనే ఉన్నాడు. ఆ ఇంజను ఏది మరి. ఈ ఇంజను అది కాదు. బల్లా అది కాదు. ఇరుసు ఒక్కటే. మనిషి పోయి, బండి పోయి, ఇరుసు ఒక్కటి ఎలా మిగిలింది.

ముసలాయన తాడు మూడుసార్లు లాగాడు. ఇంజను దగ్గి అంటుకుంది. కర్రతో బెల్టు బిగించగానే బండి ఒక్క ఊపున కదిలింది, పట్టాల అతుకుల మీద టకటక మొదలైంది, ఆ టకటక ఆమె కింది నుంచి, మెత్తలోంచి, వెన్నులోకి ఎక్కింది. ఆ మోత ఆమెకు తెలుసు. ఆ మూడు గాట్లు పడ్డ రోజూ తెలుసు. ఇరుసులన్నీ ఒకేలా ఉంటాయి, స్టేషను దగ్గర కుప్ప పోస్తే ఎవరిది ఎవరిదో తెలియక పొద్దున్నే తగాదాలు, అందుకని చమ్రాన్ ఇనుము కోసే రంపం అడిగి తెచ్చాడు. ఒక గాటు పెడితే సరిపోదా అంది. ఒకటి పక్క బండి సారెట్ పెట్టుకున్నాడు, రెండు పెడితే సారెట్ తాగి వచ్చి ఒకటిలా కనిపిస్తోందంటాడు, మూడు పెడితే ఎంత తాగినా లెక్క తప్పదు అన్నాడు. ఇరుసు దొర్లకుండా ఆమె పాదంతో తొక్కిపట్టుకుంది. రెండో గాటు సగంలో ఉండగా ఆ మాట తలచుకుని ఆమెకు నవ్వొచ్చింది, పాదం కదిలింది, రంపం జారి గాటు పక్కకు తిరిగింది. చూడు, నీ నవ్వు ఇనుము మీద పడిపోయింది అన్నాడు. అంతే. అంత చిన్న సంగతి. తొమ్మిదేళ్లు కుట్టు మిషను ముందు కూచుని, రోజుకి ఎన్ని వందల జేబులు కుట్టిందో తెలియదు, ఏ జేబు కుడుతున్నప్పుడూ ఆ మాట గుర్తుకు రానివ్వలేదు. గుర్తొస్తే దాని వెనకాలే చెరుకు రసం గుర్తొస్తుంది.

ముసలాయన పేరు హేన్. టికెట్టు పోలీసు అలాగే పిలిచాడు, హేన్ తాతా ఈవిడ నీ వంతు అని. అంతకుముందు ఆమె టోపీనీ, నల్ల కళ్లద్దాలనీ, ముక్కు దాకా ఉన్న గుడ్డనీ పైనుంచి కిందికి చూసి, నోమ్ పెన్ నుంచా అన్నాడు, అవునంది, మన ఖ్మేరు వాళ్లు కూడా ఈ బండి ఎక్కడం మొదలుపెట్టారా, ఏం, ఊళ్లో మోటారు సైకిళ్లన్నీ చెడిపోయాయా అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వే పరిస్థితిలోనే ఉంది అప్పటికి, పది నిమిషాల కిందట. పోయినవాళ్ల పండగకు మిల్లు మూడు రోజులు మూశారు, థావీ ఆడపడుచు సోఫాన్ ఇంటికి వచ్చింది, బజారుకని చెప్పి ఇటు వచ్చింది. రోడ్డు పడ్డాక ఊరివాళ్లెవరూ ఈ బండి ఎక్కడం లేదు, అసలు రైలు కూడా మానేసింది, పాత బండ్లవాళ్లు తలో దిక్కూ పోయారు, ఇప్పుడు నడుపుతున్నవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు, ఎక్కేవాళ్లు తెల్లవాళ్లు. ఎవరూ గుర్తుపట్టరు. ఒక్కసారి ఈ పట్టాల మీద వెళ్లి వచ్చేద్దాం, ఫొటో తీసుకుందాం, డబ్బిచ్చి ఎక్కి డబ్బిచ్చినదానిలా దిగిపోదాం, ఆ తర్వాత ఇక తలుచుకోవద్దు అనుకుని వచ్చింది. ఇంత పొగరుగా వచ్చినందుకు ఇదా. పన్నెండు బండ్లున్నాయి ఇవాళ వరసలో, పోలీసు వేలు ఇంకో బండి వైపు చూపించి ఉంటే, తన ముందున్న జర్మనీ పిల్లలు ఇంకో సిగరెట్టు కాల్చుకుని ఉంటే, ఆమె ఇంకెవరి ఇరుసు మీదో వెళ్లి వచ్చేసి ఉండేది, చచ్చేదాకా ఆ పాత కోపంతోనే హాయిగా బతికేది.

ఆ రోజు కూడా ఇదే నెల, ఇలాగే మబ్బు. పండగకు బంక బియ్యపు పొట్లాలు కట్టాలి, అరటాకులు కావాలి, ఆకులు సోఫాన్ తోటలో ఉన్నాయి, అది ఈ పట్టాల ఆ చివర. నేను వెళ్లి తెస్తాను అని చమ్రాన్ లేచాడు. అంత తొందరగా లేవకపోతే ఆమె ఏమీ అనేది కాదేమో. ఆ చివరి ఊళ్లో పట్టాల పక్కన లిన్ అనే మనిషి చెరుకు రసం బండి పెట్టుకుంది, మొగుడు లేడు, నవ్వు ఎక్కువ, నోరీలు, అంటే ఈ వెదురు బండ్లు, నడిపేవాళ్లంతా అక్కడే ఆగుతారు, చమ్రాన్‌కి ఐసు ఎక్కువ వేస్తుందని సారెట్ తాగి వచ్చి చెప్పాడు. ఆకుల కోసమేనా, చెరుకు రసం కోసమా అంది థావీ. చమ్రాన్ గళ్ల తువ్వాలు తలకు చుట్టుకుంటూ ఆగాడు. ముఖం చిన్నబోయింది, వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు, రెండూ తెస్తాలే అన్నాడు. వెటకారమా అది, బతిమాలడమా, తొమ్మిదేళ్లలో ఆ రెండు ముక్కల్ని ఎన్ని రకాలుగా పలికి చూసుకుందో. ఆమె మాత్రం ఒకే రకంగా పలికింది తన మాటని, అయితే అక్కడే ఉండిపో అని. ఉండిపోయాడు. ఆకులు కోసుకుని పొద్దుగుంకే వేళ బయల్దేరాడని సోఫాన్ చెప్పింది, దారిలో లిన్ బండి దగ్గర ఆగడం చూశామని ఇద్దరు చెప్పారు, మర్నాడు పొద్దున్న లిన్ బండి అక్కడ లేదు, వారం తిరక్కుండా పోయిపెట్ సరిహద్దు దగ్గర లిన్‌ని ఎవరో మగమనిషితో చూశామని ఇంకెవరో చెప్పారు. వెదురు బండి కూడా లేదు కదా. అమ్ముకున్నాడన్నారు. థాయిలాండు వెళ్లే ప్రతివాడూ ఏదో ఒకటి అమ్ముకునే వెళ్తాడు. ఊళ్లో సగం మంది మగాళ్లు అటే పోయారు, ఇంకొకడు పోతే వెతికేదెవరు. పోలీసు అయితే రాసుకోను కూడా లేదు, నీ మొగుడు తప్పిపోలేదు, తప్పించుకున్నాడు అని పక్కవాడితో కలిసి నవ్వాడు.

టకటకలో వరిచేలు వెనక్కి పోతున్నాయి. కొమ్మలు మొహానికి తగులుతున్నాయి. వెనక ముసలాయన ఏదో చెబుతున్నాడు, చేతులు లోపల పెట్టుకోమనేమో, ఆమె తల ఊపింది. అమ్ముకున్నాడు, అదే, అదే నిజం, అమ్ముకున్న బండి చేతులు మారి మారి ఈ ముసలాయన దగ్గరికి చేరింది, బల్ల విరిగితే మార్చుకుని ఉంటాడు, ఇంజను పాడైతే పారేసి ఉంటాడు, ఇరుసుకి చావు లేదు కనక ఇరుసు మిగిలింది. అంతే కదా. అంతే అయితే సోఫాన్ మాట ఇప్పుడెందుకు గుర్తొస్తోంది. పొద్దున్న చీకటితోనే సోఫాన్ బౌద్ధ విహారానికి వెళ్తూ లేపింది, ఈ ఏడైనా పేరు రాయిద్దామా వదినా అంది, మెల్లిగా, ఏటా అడిగినట్టే. పోయినవాళ్ల పేర్ల చీటీ ఇస్తే భిక్షువులు పండగ పదిహేను రోజులూ చదువుతారు, పేరు విన్నవాడు వచ్చి తన వాళ్లు వేసిన ముద్ద తింటాడు. పేరు పిలవనివాడికి ముద్ద అందదు. వాడు ఏడు విహారాలు తిరుగుతాడు, ప్రతి విహారం గోడ దగ్గరా నించుని వింటాడు, ఏడింటిలోనూ తన పేరు వినబడకపోతే ఖాళీ కడుపుతో వెనక్కి పోతాడు, మళ్లీ ఏడాది దాకా. చిన్నప్పటి నుంచీ విన్నదే. బతికున్నవాడి పేరు చచ్చినవాళ్ల చీటీలో రాయడానికి నాకేం పిచ్చా అంది థావీ పొద్దున్న. వాడికి వండిపెట్టేది అక్కడ ఉందిగా అంది. తొమ్మిదిసార్లు అంది ఆ మాట, ఏడాదికొకసారి. సోఫాన్ కళ్లు తుడుచుకుని తన తల్లి పేరుతో, తండ్రి పేరుతో ముద్దలు తీసుకుని వెళ్లింది, అన్న పేరు నోట్లోనే మింగి, ఎందుకంటే భార్య బతికుండగా భార్యే ఒప్పుకోవాలి. ఇప్పుడు, ఈ మెత్త మీద, థావీ రెండు చేతులూ ఒళ్లో నొక్కి పట్టుకుని, తొమ్మిదేళ్లలో ఎన్నడూ కోరనిది కోరుతోంది, లిన్‌తోనే ఉండాలి, ఆ లిన్ నవ్వుతూ వాడికి వడ్డిస్తూ ఉండాలి, ఇద్దరు పిల్లలుండాలి వాళ్లకి, ముగ్గురుండాలి, వాడు లావెక్కి ఉండాలి, పొట్ట రావాలి వాడికి, నన్ను మరిచిపోయి ఉండాలి, బుద్ధుడా, వాడు నన్ను మోసం చేసి ఉండాలి. మోసం చెయ్యకపోతే వాడు ఏడు విహారాల గోడల దగ్గర నించున్నాడు. తొమ్మిదేళ్లు.

బండి వేగం తగ్గింది. ఎదురుగా ఇంకో బండి, దాని మీద నలుగురు తెల్లవాళ్లు, ఫోన్లు పైకెత్తి. ఒకే జత పట్టాలు, రెండు బండ్లు ఎదురైతే తేలిక బండివాడు దిగి, బండి ఊడదీసి, బరువు బండికి దారివ్వాలి, ఈ పట్టాల మీద అందరికీ తెలిసిన చట్టం అదొక్కటే. ఇక్కడ ఉన్నది ఒక్క థావీ, కనక దిగాలి. దిగింది. హేన్ ఇంజను విప్పి గడ్డిలో పెట్టాడు, ఎదురు బండి నడిపే వన్నాక్ అనే ముప్ఫయ్యేళ్ల మనిషి వచ్చి బల్లకు చెయ్యి వేశాడు, బల్ల లేచింది, కింద ఇరుసులు రెండూ బయటపడ్డాయి, మళ్లీ కనబడ్డాయి గాట్లు, ఈసారి ఎండ పడుతూ.

"ఇవాళ న్యాయంగా దిగావు తాతా" అన్నాడు వన్నాక్, థావీకి వినబడేలా. "ఈయన సంగతి నీకు తెలీదు చెల్లెమ్మా. వెనకాల పదిమందిని ఎక్కించుకుని ఉంటాడు, ఎదురుగా నేనొక్కణ్ణే ఈల వేసుకుంటూ వస్తుంటాను, అయినా ముందు ఈయనే దిగి బండి ఊడదీస్తాడు. ఎక్కినవాళ్లు తిడతారు, మేం ఏడిపిస్తాం, వినడు. దారివ్వడం ఈయనకి జబ్బు."

"మోకాళ్లకి మంచిదిలేరా" అన్నాడు హేన్, తల ఎత్తకుండా.

ఆయన ఇరుసుకి ఒక చివర వంగాడు. రెండో చివరకు వన్నాక్ వచ్చేలోపే థావీ వంగింది. ఎందుకమ్మా నీకు అంటున్నా వినలేదు. చక్రాల జతతో ఇరుసు ఎంత బరువో ఆమె నడుముకు ఇంకా గుర్తుంది. ఎత్తింది. అరచేతి కింద ఇనుము వెచ్చగా ఉంది, బొటనవేలు తనంతట తనే జరిగి మొదటి గాటు దాటి రెండో గాటులో పడింది, వంకర ఎటు తిరగాలో అటే తిరిగింది. నీ నవ్వు ఇనుము మీద పడిపోయింది. తెల్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకావిడ ఫొటో తీసింది, ఇలా చూడు అన్నట్టు చెయ్యి ఊపింది, థావీ చూసింది, టోపీ, కళ్లద్దాలు, చేతుల్లో మొగుడి ఇరుసు, ఆ ఫొటో ఏ దేశం పోతుందో, ఎవరి ఇంట్లో ఎవరు చూసి సరదాగా ఉందంటారో. వన్నాక్ బండి మోత చేస్తూ వెళ్లిపోయింది. పట్టాలు కాసేపు సన్నగా పలికి ఊరుకున్నాయి. చేలో ఎవరూ లేరు. పదిమంది బరువు మోస్తూ కూడా తేలికవాడికి దారిచ్చే మనిషి. ఎందుకిస్తాడు. జబ్బు కాదు అది. ఏదో ఒకసారి ఇవ్వనివాడే ఆ తర్వాత అలా ఇస్తూ పోతాడు, ఆ ఆలోచన రాగానే దాన్ని తోసేసింది, లేదు, మోకాళ్లు, మోకాళ్లకి మంచిదన్నాడుగా, ముసలాయన మోకాళ్ల కోసం చేస్తున్నాడు.

అడగాలి. ఎవరి దగ్గర కొన్నావు అని ఒక్క ముక్క. చమ్రాన్ అనే వాడి దగ్గర కొన్నానమ్మా, సరిహద్దు వెళ్తూ అమ్మాడు, పక్కన ఒక ఆడమనిషి ఉంది, నవ్వు ఎక్కువ, అని ఆయన చెబితే ఇక్కడే ఆయన కాళ్లకు దండం పెడుతుంది. అడిగితే ఆ మాట రాకపోతేనో. అడగకుండా ఉంటే ఇంకో పావుగంటలో ఆ చివర దిగుతుంది, కొబ్బరి బొండాం తాగుతుంది, తిరిగి వస్తుంది, రేపు నోమ్ పెన్ బస్సు, ఎల్లుండి జేబులు. అడగకుండా ఉండొచ్చు. తొమ్మిదేళ్లు అడగకుండానే కదా ఉంది.

"మంచి ఇరుసు తాతా" అంది. "ఎవరి దగ్గర కొన్నావు?"

హేన్ బెల్టు ఎక్కిస్తున్న చెయ్యి ఆపాడు. టోపీ కింద ఆమె ముఖం ఎక్కడుందో వెతుకుతున్నట్టు చూశాడు.

"కొన్లేదమ్మా" అన్నాడు. తాడు లాగాడు. ఇంజను మోతలో మిగతా మాట ఉంటే అదీ పోయింది.

కొనలేదు. కొనకపోతే ఇచ్చి ఉంటాడు, చమ్రాన్ అడిగినవాడికి చొక్కా విప్పి ఇచ్చే రకం, తాతా ఉంచుకో నేను పోతున్నాను అని ఇచ్చి ఉంటాడు. కొనకపోతే దొరికి ఉంటుంది, పారేసి పోయి ఉంటాడు. కొనకపోతే దొంగిలించి ఉంటాడు ఈయన, దొంగ, ముసలి దొంగ, దొంగైతే ఎంత బాగుండు. టకటక. ఏడు విహారాలు. టకటక. ఇంజను పక్కన నించున్న మనిషి ఊపిరి ఆమె వీపుకు తగులుతున్నట్టుంది, ఇంత దగ్గరగా ఉన్నాడు, తోస్తే పడిపోతుంది, ఎవరికీ తెలియదు, సోఫాన్‌కి బజారుకని చెప్పింది, తన గురించి కూడా నోమ్ పెన్‌లో ఎవడితోనో పోయిందనుకుంటారు, పోలీసు మళ్లీ నవ్వుతాడు. భయపడాలి కదా. భయం లేదు. వాణ్ణి ఎక్కడికి పంపాడో నన్నూ అక్కడికే పంపితే కనీసం ముద్ద పట్టుకుని వెళ్తాను, అనుకుంది.

వాగు మీద చిన్న వంతెన వచ్చింది. దానికి ముందే బండి ఆగింది. ఎదురుగా ఏ బండీ లేదు. రెండు నిమిషాలమ్మా, వంతెన బాగుంటుంది, ఫొటోలు తీసుకో అన్నాడు హేన్, టూరిస్టులకు చెప్పే గొంతుతో. ఇంజను పక్కన రేకు డబ్బా తెరిచి ఒక ఆకు పొట్లం తీశాడు. గట్టు దిగి, వాగు ఒడ్డున వెదురు పొద దగ్గరికి, ఎన్నోసార్లు దిగినవాడిలా చూడకుండానే అడుగులు వేసుకుంటూ వెళ్లాడు. పొద మొదట్లో నేల చదునుగా ఉంది, ఊడ్చి ఉంది. పాత అగరొత్తుల పుల్లలు గుచ్చి ఉన్నాయి, ఎన్నో. మూడు అగరొత్తులు వెలిగించాడు, పొట్లం విప్పాడు, నువ్వులద్దిన బంక బియ్యపు ముద్దలు రెండు. ఒకటి నేల మీద పెట్టాడు. థావీ వెనకాలే దిగి వచ్చిందని ఆయనకు తెలియదు, ఆయన పెదాలు కదులుతున్నాయి, ఆ మాట ఆమె విన్నది.

మూడు గాట్లవాడా, వచ్చి తిను.

లిన్ పోయింది, ముగ్గురు పిల్లలు పోయారు, పొట్ట పోయింది, థాయిలాండు మొత్తం పోయింది. వాగు నీళ్ల చప్పుడు మిగిలింది. తొమ్మిదేళ్లుగా ఎవరిని తిట్టిందో వాడు ఈ చదును నేల కింద వింటూనే ఉన్నాడు. టోపీ తీసింది. కళ్లద్దాలు తీసింది, ముక్కు మీది గుడ్డ కిందికి లాగింది. వెనక్కి తిరిగిన హేన్‌కు ఆమె ముఖం ఏమీ చెప్పలేదు, ఆయన ఆమెను ఎన్నడూ చూడలేదు, రెండు నిమిషాలైపోయిందా అన్నట్టు నవ్వబోయాడు.

"మధ్య గాటు వంకరగా ఉంటుంది తాతా" అంది థావీ. "రంపం జారింది. ఇరుసు తొక్కిపట్టుకున్నది నేనే. నవ్వాను, అందుకని జారింది."

ఆయన అక్కడే నేల మీద కూచున్నాడు. చేతిలో రెండో ముద్ద ఉంది, దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు. వాగు వైపు చూస్తూ చెప్పాడు.

"దారి నాదేనమ్మా. ముందు ఆ మాటే వస్తోంది నోటికి, ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది అదే కనక. నా బండి మీద ఇరవై సిమెంటు బస్తాలున్నాయి. మాది అటు మౌంగ్ వైపు, మా ఊరి విహారం గోడకి ఊరంతా పోగుచేసి కొన్న సిమెంటు. పండగలోపు గోడ లేవాలి. ఈ దారి నాకు కొత్త. వాన మొదలైంది, పరదా చినిగింది, తడిస్తే సిమెంటు రాయైపోతుంది. వంతెన ఇవతల వాడి బండి కనబడింది. ఒక్కడే, బరువేం లేదు. నన్ను చూసి తనే ఆపాడు, తనే దిగాడు. బల్ల తీసి పక్కన పెట్టడం చూశాను. తేలిక బండే, తీసేస్తాడు, నేను ఆగక్కర్లేదు అనుకున్నాను. ఆగితే తడిసిన ఇంజను మళ్లీ అంటుకోదని. కాలితో బ్రేకు చెక్క తొక్కితే చాలు. తొక్కలేదు. వాడు ఒక ఇరుసు తీసేశాడు. రెండోది ఎత్తబోతే తడికి చెయ్యి జారింది. మళ్లీ వంగాడు. అప్పుడు తొక్కాను. అంత బరువు ఆగుతుందా. నాకు దారివ్వడానికి వంగినవాడి మీదికి వెళ్లాను నేను.

"ఏమైనా అన్నాడా అని అడుగుతావు. అనలేదు. అంత వ్యవధి లేదు. వాడి బల్ల మీద అరటాకుల కట్ట ఉంది. దానికి వేలాడగట్టి ప్లాస్టిక్ సంచిలో చెరుకు రసం. సంచి గడ్డిలో పడింది, పగల్లేదు, ఐసు ముక్క ఇంకా ఉంది అందులో. పండగ ఆకులు, మూతి కట్టిన రసం. తాగడానికి తెచ్చుకున్నవాడు దారిలోనే తాగేస్తాడు కదమ్మా. ఇంట్లో ఎవరికో తీసుకెళ్తున్నాడని నాకు ఆ నిమిషమే తెలిసింది. తెలిసే చేశాను మిగతాదంతా. బల్లనీ ఇంజన్నీ వాడు ఎత్తబోయిన ఇరుసునీ వాగులో తోసేశాను. ఆకులు నీళ్ల మీద చాలాసేపు తేలాయి, మునగలేదు. వాణ్ణి ఇక్కడ పెట్టాను, ఆ సంచిని వాడి తల దగ్గర పెట్టాను. నా ఇరుసు వంగిపోయింది. వాడు ముందు తీసి పక్కన పెట్టిన ఇరుసు వేసుకున్నాను. వేసుకుని ఆ రాత్రికే సిమెంటు చేర్చాను. ఒక్క బస్తా తడవలేదు.

"ఆ గోడ ఇప్పటికీ ఉంది. వానలో సిమెంటు మోసుకొచ్చిన పుణ్యాత్ముడని దాని మీద నా పేరు చెక్కారు. పండగ పదిహేను రోజులూ దాని ముందే అందరూ ముద్దలు వేస్తారు, నా పేరు చదువుతారు. ఊళ్లో ఉండలేకపోయాను. ఇక్కడికి వచ్చి రెండేళ్లు, అంతకుముందు ఏటా పండగకి నడిచి వచ్చి పెట్టి పోయేవాణ్ణి. గాట్లు అరగదీద్దామని ఆకురాయి కొన్నాను, చేతులు ఆడలేదు. వాడి పేరు ఎవర్నైనా అడుగుదామంటే, నీకెందుకు అంటారేమోనని భయం. పేరు లేకుండా పిలిస్తే వాడికి అందుతుందో లేదో తెలీదు, పెడుతూనే ఉన్నాను. చంపింది నేనేనమ్మా. టికెట్టు దగ్గర పోలీసు ఉన్నాడు, బండి తిప్పమంటే తిప్పుతాను, ఎవరడిగినా ఇదే చెబుతాను. ఇదిగో, ఇంకో ముద్ద ఉంది. ఇది నువ్వు పెట్టు. ముందు వాడి పేరు చెప్పు తల్లీ, ఒక్కసారి పేరు పెట్టి పిలువు, తిననీ."